టెవ్యే కూతుళ్ళు, బ్రాడ్‌వే పాటలు



1943 మార్చి 31న న్యూయార్కులోని పెద్ద నాటకశాలల పేట బ్రాడ్‌వేలో ‘ఓక్లహోమా!’ అనే సంగీత నాటకం మొదలైంది. మొక్కజొన్న చేలు, పశువుల కాపర్లు, రైతులు, వేలం పాడి కొనుక్కునే భోజనాల బుట్టలు, పడుచువాళ్ళ అలకలు, ఒక పెళ్ళి. అచ్చమైన అమెరికా పల్లె. ఆ ఊళ్ళోకి సరుకుల మూటతో ఒక పర్షియా వర్తకుడు వస్తాడు. పేరు అలీ హకీం. ఆ వేషం కట్టిన జోసెఫ్ బులోఫ్ పర్షియావాడు కాదు. విల్నా నగరంలో పుట్టి, తూర్పు యూరప్ యూదులు మాట్లాడే యిద్దిష్ భాషా నాటకాల్లో చెయ్యి తిరిగి, అమెరికా చేరిన యూదుడు. ఆ నాటకానికి సంగీతం కూర్చిన రిచర్డ్ రాడ్జర్స్ యూదుడు. మాటలు, పాటలు రాసిన ఆస్కార్ హామర్‌స్టయిన్ తండ్రి వైపు నుంచి యూదుడు. నాటకంలో మాత్రం యూదుడన్న పాత్ర లేదు. ఉన్న ఒక్క పరదేశికి పర్షియా పేరు పెట్టి ఊరుకున్నారు.

ఈ రోజు మీతో మాట్లాడదలచుకున్నది దీని గురించే. అమెరికాకు పాడుకోవడానికి ఇన్ని పాటలిచ్చిన ఒక చిన్న సమాజం చాలాకాలం తన కథను తాను రంగం మీదికి తెచ్చుకోలేదు. తెచ్చుకున్న రోజున ఏం జరిగింది?

ఇలాంటి సంగతులు వెనక మనకు చేరే దారి ఉండేది కాదు. 2020 మార్చిలో కరోనా వల్ల బ్రాడ్‌వే నాటకశాలలన్నీ మూతపడ్డాయి. మళ్ళీ తెరవడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ కాలంలో న్యూయార్కులోని యూదు సంస్థలు తమ ప్రసంగాలను ఇంటర్నెట్‌లో పెట్టాయి. 1925లో విల్నాలో పుట్టి, యుద్ధం వల్ల న్యూయార్కుకు తరలిపోయిన యివో అనే పరిశోధన సంస్థ పాఠాలు నడుపుతోంది. 1915 నుంచి నడుస్తున్న ఫోక్స్‌బీనె అనే యిద్దిష్ నాటక సంస్థ కూడా కార్యక్రమాలను తెర మీదికి తెచ్చింది. ఈ ప్రసంగాల్లో నాకు బాగా నచ్చేది వాటి పద్ధతి. వక్త పియానో ముందు కూర్చుంటాడు. యూదుల ప్రార్థనా మందిరంలో పాడే ఒక వరస వాయిస్తాడు. వెంటనే బ్రాడ్‌వే పాట ఒకటి వాయిస్తాడు. రెండింటికీ చుట్టరికం ఉందని ఆయన నోటితో చెప్పనక్కర్లేదు, మన చెవే పట్టుకుంటుంది. పుస్తకంలో నలభై పేజీలు చదివినా రాని ఎరుక అది.

యూదుల నాటకం ఎక్కడ మొదలైందో చూడాలంటే మన తెలుగు బైబిలు తెరిస్తే చాలు. అందులో ఎస్తేరు గ్రంథం ఉంది. పర్షియాను ఏలే అహష్వేరోషు రాజు, ఆయన కొలువులో హామాను అనే దుర్మార్గుడు, యూదులందర్నీ ఒకే రోజున చంపించాలని వాడు వేసిన పన్నాగం, మొర్దెకై పెంచిన ఎస్తేరు రాణి దాన్ని భగ్నం చెయ్యడం. ఆ రక్షణను తలుచుకుంటూ చేసుకునే పండుగ పూరీము. ఆ రోజు మందిరంలో ఈ గ్రంథం చదువుతారు. హామాను పేరు వచ్చినప్పుడల్లా పిల్లలు గిలకలు మోగించి, కాళ్ళు నేలకేసి కొట్టి, ఆ పేరు వినపడకుండా గోల చేస్తారు. నాటకాలంటే మతగురువులకు గిట్టేది కాదు. కానీ ఈ ఒక్క పండుగకు పట్టు సడలించేవారు. వేషాలు వేసుకున్న కుర్రాళ్ళు ఇంటింటికీ వెళ్ళి ఎస్తేరు కథ ఆడి, పాడి, తినడానికేదో పుచ్చుకుని వెళ్ళేవారు. తూర్పు యూరప్ యూదుల రంగస్థలానికి పునాది ఇదే. ఇక్కడే ఒక మాట చెప్పాలి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తమను ఎఫ్రాయిము గోత్రపు యూదులుగా చెప్పుకునే తెలుగు కుటుంబాలున్నాయి. వారికి అక్కడ ప్రార్థనా మందిరం కూడా ఉంది. ఈ ప్రసంగం వాళ్ళలో ఎవరైనా వింటుంటే, నేను చెబుతున్న పేర్లు వారికి కొత్త కావు.

ఎస్తేరు కథలో ఒక అంశం మీద నా మనసు నిలిచిపోతుంది. రాజమందిరంలోకి వెళ్ళేటప్పుడు ఆమె తన జనమేదో, తన వంశమేదో చెప్పలేదు. చెప్పవద్దని మొర్దెకై ఆజ్ఞ. ప్రాణం మీదికి వచ్చినప్పుడే నోరు విప్పింది. బ్రాడ్‌వే యూదు రచయితల చరిత్ర చదివేటప్పుడు నాకు పదే పదే ఎస్తేరే గుర్తుకొస్తుంది.

యిద్దిష్ భాషలో వృత్తిగా నాటకం మొదలైంది 1876లో, రుమేనియాలోని యాష్ అనే ఊళ్ళో, ఒక తోటలో. మొదలుపెట్టినవాడు అబ్రహాం గోల్డ్‌ఫాడెన్. కథ ఆయనే, పాటలు ఆయనే, బాణీలు కూడా చాలావరకు ఆయనవే. మందిరంలో విన్నవి, వీధిలో విన్నవి, ఒపేరాల నుంచి ఎరువు తెచ్చుకున్నవి, అన్నీ కలిపేశాడు. ఏడేళ్ళు తిరక్కుండా, 1883లో, రష్యా ప్రభుత్వం యిద్దిష్ నాటకాలను నిషేధించింది. అంతకు రెండేళ్ళ ముందే, 1881లో, రెండో అలెగ్జాండర్ చక్రవర్తిని హత్య చేశారు. ఆ హత్యకు యూదులను బాధ్యులను చేస్తూ ఊళ్ళ మీద పడి ఇళ్ళు దోచారు, మనుషులను కొట్టారు, చంపారు. అక్కడి నుంచి వలస మొదలైంది. 1924లో అమెరికా తలుపులు దాదాపుగా మూసేసేలోపు తూర్పు యూరప్ నుంచి 20 లక్షలకు పైగా యూదులు అక్కడికి చేరారు. నాటక సమాజాలూ వారితోనే ఓడ ఎక్కాయి. న్యూయార్కులో సెకండ్ అవెన్యూ అనే వీధి యిద్దిష్ నాటకశాలలతో నిండిపోయింది. పగలంతా కుట్టుపని చేసిన ఆడామగా రాత్రికి టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళి ఏడ్చి, నవ్వి వచ్చేవారు.

అలా ఓడ దిగిన పిల్లల్లో ఒకడు ఇర్వింగ్ బెర్లిన్. 1888లో రష్యా సామ్రాజ్యంలో పుట్టాడు, అయిదేళ్ళప్పుడు న్యూయార్కు వచ్చాడు. తండ్రి ప్రార్థనా మందిరంలో గాయకుడు. ఆ తండ్రి పోయాక పిల్లవాడు వీధుల్లో పాడాడు, హోటల్లో వడ్డిస్తూ పాడాడు. సంగీతం చదవడం, రాయడం ఆయనకు చివరిదాకా రాలేదు. పియానో మీద నల్లమెట్ల మీదే వేళ్ళు నడిచేవి. శ్రుతి మార్చాలంటే ఒక మీట తిప్పితే మారేలా ప్రత్యేకంగా చేయించిన పియానో వాడాడు. ఇలాంటి మనిషి అమెరికా క్రిస్మస్‌కు అన్నిటికన్నా ప్రసిద్ధమైన ‘వైట్ క్రిస్మస్’ పాట ఇచ్చాడు. 101 ఏళ్ళు బతికి 1989లో పోయాడు.

మందిర గాయకుల ఇళ్ళల్లో పుట్టినవారు ఈయనొక్కడే కాదు. స్వరకర్త హెరాల్డ్ ఆర్లెన్ తండ్రి మందిర గాయకుడు. జర్మనీ నుంచి 1933లో నాజీలకు తప్పించుకుని బయటపడిన స్వరకర్త కుర్ట్ వైల్ తండ్రీ అంతే. మందిర గాయకుడి పని ఏమిటంటే, ప్రార్థనలోని మాటను పట్టుకుని సాగదీసి, వణికించి, పగలగొట్టి, వినేవాడి గుండె దాకా తీసుకెళ్ళడం. మాటకు రాగం వేషం కాదు, మాటే రాగంగా పండాలి. సంగీత నాటకంలో పాత్ర మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక చోట మాట చాలక పాటలోకి వెళ్ళాలి. ఆ మలుపు ఎక్కడ రావాలో ఆ ఇళ్ళల్లో పెరిగిన పిల్లలకు చిన్నప్పుడే చెవిన పడింది. యూదుడు కాని పాటల రచయిత కోల్ పోర్టర్ ఒకసారి తనతో, హిట్ పాటల రహస్యం తెలిసిపోయిందని, ఇకమీద యూదు బాణీలు రాస్తానని చెప్పినట్టు రాడ్జర్స్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. పోర్టర్ అన్నంతా చేశాడు కూడా.

అయితే రక్తంలో సంగీతం ఉందనే మాట నేను నమ్మను. తలుపులు తెరిచి ఉన్నచోటికే మనుషులు వెళతారు. బ్యాంకుల్లో, పెద్ద విశ్వవిద్యాలయాల్లో యూదులకు అడ్డుగోడలుండేవి. నాటకరంగం అప్పటికి కొత్త వ్యాపారం. పాతకాపులు లేరు, వంశమడిగేవారు లేరు. పాట అచ్చేసి అమ్మే దుకాణాల్లో పదిహేనేళ్ళ కుర్రాడు పియానో వాయిస్తే జీతమిచ్చేవారు. స్వరకర్త జార్జ్ గెర్ష్‌విన్ అలా మొదలైనవాడే.

లోపలికి వచ్చారు గానీ, ఎస్తేరులాగే తమ జనమేదో చెప్పలేదు. పేర్లు మార్చుకున్నారు. ఇజ్రాయెల్ బేలిన్ ఇర్వింగ్ బెర్లిన్ అయ్యాడు, జెరోం రాబినోవిట్స్ జెరోం రాబిన్స్ అయ్యాడు. 1927 నాటి ‘షో బోట్’లో మిసిసిపీ నది మీద నల్లజాతివారి వెతలు రాశారు. ‘సౌత్ పసిఫిక్’లో జాతిద్వేషం పుట్టుకతో రాదని, పిల్లలకు పెద్దలే నేర్పుతారని పాట కట్టారు. 1949లో ఆ పాట పెట్టడానికి ధైర్యం కావాలి. తమ మీద పడిన దెబ్బను ఇంకొకరి కథలో చెప్పారన్నమాట. దీనికి అన్నిటికన్నా స్పష్టమైన సాక్ష్యం ‘వెస్ట్ సైడ్ స్టోరీ’. 1949లో నృత్య దర్శకుడైన రాబిన్స్‌కు ఆలోచన వచ్చినప్పుడు అది ఒక యూదు కుటుంబానికీ, ఒక కాథలిక్ కుటుంబానికీ మధ్య నడిచే ప్రేమకథ. 1957లో రంగం మీదికి వచ్చేసరికి అటు పోర్టోరికో వలసదారులు, ఇటు తెల్లకుర్రాళ్ళు. సంగీతం, పాటలు, మాటలు, నృత్యం, నలుగురు సృష్టికర్తలూ యూదులే. కథలోంచి మాత్రం యూదులు వెళ్ళిపోయారు.

అందుకే 1964 సెప్టెంబరు 22 నాకు చాలా పెద్ద తేదీ. ఆ రాత్రి న్యూయార్కు ఇంపీరియల్ థియేటర్‌లో ‘ఫిడ్లర్ ఆన్ ద రూఫ్’ మొదలైంది. సంగీతం జెర్రీ బాక్, పాటలు షెల్డన్ హార్నిక్, మాటలు జోసెఫ్ స్టయిన్, దర్శకత్వం, నృత్యం జెరోం రాబిన్స్. రష్యా సామ్రాజ్యంలో అనతెవ్కా అనే పల్లె. టెవ్యే అనే పాలవ్యాపారి. గుర్రం కుంటితే తానే బండి లాగే పేదవాడు. భార్య గోల్డె, అయిదుగురు కూతుళ్ళు. గడ్డాలు, ప్రార్థనలు, శుక్రవారం సాయంత్రం దీపాలు, పెళ్ళిళ్ళ పేరమ్మ, అన్నీ దాపరికం లేకుండా దీపాల వెలుగులో నిలబడ్డాయి. దీనికి పెట్టుబడి దొరకడమే కష్టమైంది. యూదులు చూసేశాక ఇంకెవరొస్తారని వెనకాడినవాళ్ళున్నారు. అది 3,242 ప్రదర్శనలాడింది. తొమ్మిది టోనీ అవార్డులందుకుంది. అప్పటివరకు బ్రాడ్‌వే మీద అంతకాలం ఆడిన నాటకం మరొకటి లేదు.

రాబిన్స్ సంగతి కొంచెం చెప్పాలి. ఆరేళ్ళ వయసులో తల్లితో కలిసి పోలండ్‌లోని తాతగారి ఊరు వెళ్ళాడు. 1959లో మళ్ళీ వెతుక్కుంటూ వెళితే అక్కడ ఆ ఊరి ఆనవాళ్ళే లేవు. నాజీలు చంపిన 60 లక్షల మంది యూదులతో పాటు అలాంటి ఊళ్ళు ఊళ్ళే పోయాయి. అందుకే ఈ నాటకంలో ప్రతి చిన్నదీ నిజంలా ఉండాలని పట్టుబట్టాడు. న్యూయార్కులోని ఛాందస యూదుల పెళ్ళిళ్ళకు వెళ్ళి కూర్చున్నాడు. అక్కడ ఒకతను తలమీద సీసా పెట్టుకుని ఆడటం చూశాడు. దానిలోంచి పుట్టిందే పెళ్ళి ఘట్టంలోని సీసాల నృత్యం. రచయితలను ఆయన కూర్చోబెట్టి ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడిగేవాడట, అసలీ నాటకం దేని గురించని. పాలవ్యాపారి, అతని కూతుళ్ళ పెళ్ళిళ్ళ గురించి అంటే ఒప్పుకునేవాడు కాదు. చివరికి ఒకరు, ఒక జీవన విధానం కూలిపోవడం గురించి, ఆచారాల గురించి అన్నారు. అయితే దానిమీదే మొదటి పాట రాయండన్నాడు. నాటకం తెర లేవగానే వినిపించేది ఆ పాటే.

టెవ్యే వేషం కట్టిన జీరో మోస్టెల్‌కూ, రాబిన్స్‌కూ పడదు. కమ్యూనిస్టుల వేట నడిచిన రోజుల్లో, 1953లో, రాబిన్స్ విచారణ కమిటీ ముందు తోటి కళాకారుల పేర్లు చెప్పాడు. మోస్టెల్ ఆ వేటలో పని పోగొట్టుకున్నవాడు. ఆ ఇద్దరూ ఒకే నాటకం కోసం పనిచేశారు. పైగా మోస్టెల్ ఒక కాథలిక్ యువతిని పెళ్ళాడినందుకు కన్నవారు దూరం పెట్టినవాడు. ఇప్పుడు చెప్పబోయే ఘట్టాన్ని ప్రతి రాత్రీ ఆడవలసినవాడు ఆయనే.

పెద్దకూతురు ధనవంతుడైన కసాయిని కాదని పేద దర్జీని కోరుకుంటుంది. టెవ్యే తనలో తాను అటూ ఇటూ తూచుకుని సరేనంటాడు. రెండోది ఒక విప్లవకారుణ్ణి ప్రేమించి, తండ్రి అనుమతి కాదు, దీవెన మాత్రం అడుగుతుంది. అప్పుడూ తూచుకుంటాడు, దీవిస్తాడు. మూడోది హావా. ఆమె క్రైస్తవుణ్ణి కోరుకుంటుంది. తండ్రి ఒప్పుకోడు. ఆమె వెళ్ళి చర్చిలో పెళ్ళి చేసుకుంటుంది. తమకిక ఆ కూతురు చచ్చిపోయిందంటాడు టెవ్యే. తమను ఒప్పుకోమని ఆమె వచ్చి వేడుకున్నప్పుడు అతను మొదలుపెట్టిన తూకం ఈసారి మధ్యలోనే ఆగిపోతుంది. కూతురు వేరే కులంవాణ్ణి చేసుకుంటే బతికున్న పిల్లకు నీళ్ళు వదిలేసిన తండ్రులు మన ఊళ్ళల్లో లేరా? నాటకం టెవ్యేను దుర్మార్గుడిగా చూపించదు. అతని ప్రేమనూ చూపిస్తుంది, ఆ ప్రేమ కూతురికి చేసిన గాయాన్నీ చూపిస్తుంది. తీర్పు మనకు వదిలేయడం రచయితల బలహీనత కాదని, అదే వారి నిజాయితీ అని నేననుకుంటాను.

ఈ కథలకు మూలపురుషుడు యిద్దిష్ రచయిత షోలెం అలైఖెం. 1859లో కీవ్ దగ్గర పెరెయాస్లావ్‌లో పుట్టాడు, 1916లో న్యూయార్కులో పోయాడు. టెవ్యే కథలను 1894 నుంచి ఇరవై ఏళ్ళ పాటు రాస్తూ వచ్చాడు. మూలంలో కథ మరింత చేదుగా ఉంటుంది. ఒక కూతురు నీళ్ళలో పడి చనిపోతుంది. గోల్డె చనిపోతుంది. చివర్లో, ఊరు వదిలి పొమ్మన్న రోజున, హావా ఇంటికి తిరిగొస్తుంది. అప్పుడు టెవ్యే ఏం చేశాడు? ఆ మాట సూటిగా చెప్పడు. నువ్వైతే ఏం చేసేవాడివని కథ వింటున్న రచయితనే అడుగుతాడు. 1939లో మారిస్ ష్వార్ట్స్ ఇదే కథను యిద్దిష్‌లో సినిమాగా తీశాడు. అందులో హావా పశ్చాత్తాపంతో తండ్రిని చేరుతుంది. యూరప్‌లో యుద్ధం ముంచుకొస్తున్న ఆ ఏడాది ఇంకోలా తీయడం వారివల్ల కాలేదు కాబోలు. 1964లో హావా భర్తతోనే వెళ్ళిపోతుంది. తండ్రి ఆమె ముఖం చూడడు. కానీ పెద్దకూతురి చేత ఒక్క దీవెన మాట పలికిస్తాడు. ఒకే కూతురు, మూడు ముగింపులు. ఏ కాలంలో ఈ సమాజం దేనికి భయపడిందో ఆ మూడింట్లో కనిపిస్తుంది. బ్రాడ్‌వే టెవ్యే తీపెక్కిపోయాడని ఇర్వింగ్ హౌ వంటి విమర్శకుడు అప్పుడే కోప్పడ్డాడు. ఆ కోపంలో న్యాయముంది. మూలం చదివినవారికి ఆ లోటు తెలుస్తుంది. కానీ ఆ నాటకం లేకపోతే మూలం వైపు వెళ్ళే లక్షలమంది వెళ్ళేవారే కాదు, అందులో నేనూ ఉన్నాను.

1967లో ఈ నాటకాన్ని టోక్యోలో జపనీస్ భాషలో ఆడారు. హిసాయా మొరిషిగె టెవ్యే వేశాడు. రచయిత జోసెఫ్ స్టయిన్ అక్కడికి వెళితే నిర్మాత ఒక సందేహం అడిగాడట. ఇది ఇంత జపాన్ కథ కదా, అమెరికాలో వాళ్ళకు అర్థమవుతుందా అని. స్టయిన్ ఈ సంగతి చాలాసార్లు చెప్పుకున్నాడు. అందరికీ నచ్చాలని అన్నీ తుడిచేసి రాస్తే ఈ మాట వచ్చేది కాదు. శుక్రవారం దీపం, తలమీద సీసా, ఆ ఊరి పెళ్ళిళ్ళ పేరమ్మ ఉన్నందువల్లే టోక్యోలో ఒక తండ్రికి తన ఇల్లు కనిపించింది.

2018లో దీన్ని ఫోక్స్‌బీనె వాళ్ళు న్యూయార్కు యూదు వారసత్వ మ్యూజియంలో యిద్దిష్‌లో ఆడారు. దర్శకుడు జోయెల్ గ్రే. ఎప్పుడో 1960ల్లో ఇజ్రాయెల్‌లో ఆడటానికి చేసిన అనువాదాన్ని తీసుకున్నారు. నటుల్లో చాలామందికి ఆ భాష రాదు, పాఠంలా నేర్చుకుని ఆడారు. యుద్ధానికి ముందు కోటి మందికి పైగా మాట్లాడిన భాష అది. వేదిక వెనక ఒక పెద్ద తెర, దానిమీద హీబ్రూ అక్షరాల్లో ‘తోరా’ (యూదుల ధర్మశాస్త్రం) అని రాసి ఉంటుంది. పెళ్ళి మీద దాడి జరిగే ఘట్టంలో ఆ తెరను చించేస్తారు. రెండో అంకంలో అది కుట్లతో తిరిగి కనిపిస్తుంది. కొన్ని వారాలకని మొదలుపెట్టిన ఆ ప్రదర్శనను 2020 జనవరి దాకా పొడిగించవలసి వచ్చింది.

వినాలనుకునే శ్రోతలకు నా సలహా ఇది. ముందు 1971లో నార్మన్ జ్యూయిసన్ తీసిన సినిమా చూడండి. అందులో వయొలిన్ వాయించింది ఐజాక్ స్టెర్న్. తర్వాత ఇంటర్నెట్‌లో యివో వారి ప్రసంగాలు వినండి. మసాచుసెట్స్ రాష్ట్రం ఆమ్‌హర్‌స్ట్‌లోని యిద్దిష్ బుక్ సెంటర్ 1980 నుంచి పారేయబోతున్న పుస్తకాలను పోగుచేసి, పది లక్షలకు పైగా కాపాడింది. వేల పుస్తకాలను ఎవరైనా ఉచితంగా చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టింది.

షోలెం అలైఖెం తన వీలునామాలో ఒక కోరిక రాశాడు. తన వర్ధంతినాడు ఇంట్లోవాళ్ళూ, స్నేహితులూ కలుసుకుని, తన కథల్లో బాగా నవ్వించేదొకటి, వారికి ఏ భాష బాగా అర్థమవుతుందో ఆ భాషలో చదువుకోమన్నాడు. న్యూయార్కులో ఆయన కుటుంబం ఏటా ఆ పని చేస్తూ వచ్చింది. ఆయన పోయింది మే 13న. వచ్చే మే 13న ఈ రేడియో కేంద్రం నుంచే ఆయన కథ ఒకటి తెలుగులో చదివించాలని అధికారులను కోరుతున్నాను. అనువాదం చేయగలవారు శ్రోతల్లో ఉంటే కేంద్రానికి ఉత్తరం రాయండి.